అమెరికా బండికి బకాయి సంస్కారాలు

తాటవర్తి భాస్కరానికి యాభై ఆరేళ్ళ వయసులో మోటారుసైకిల్ మీద మనసు పడింది. అదీ కొత్తది కాదు, మన దేశానిదీ కాదు. యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యంతో పాటు ఓడెక్కి వచ్చి, యుద్ధం అయిపోయాక వేలంలో అమ్ముడుపోయి, ఎన్నో చేతులు మారి, చివరికి ఆ ఊరి పెద్ద డాక్టరుగారి దగ్గర స్థిరపడిన బండి. దున్నపోతంత ఒళ్ళు, కొమ్ముల్లా విచ్చుకున్న హ్యాండిలు, గుర్రపు జీనులాంటి తోలు సీటు, వెనక రెండు పక్కలా కుచ్చులు వేలాడే తోలు సంచులు. డాక్టరుగారు దాని మీద వీధిలోంచి వెళుతుంటే, భాస్కరం ఇత్తడి కొట్లో వరసగా పేర్చిన చెంబులు సన్నగా మోగేవి. ఆ మోత విన్నప్పుడల్లా భాస్కరం బేరం మధ్యలో ఆపేసి వీధిలోకి చూసేవాడు. కొనేవాళ్ళు రెండోసారి ధర అడిగితే గాని ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు.

డాక్టరుగారు పోయిన ఏడాదికి ఆయన భార్య కామాక్షమ్మగారు బండి అమ్మేస్తానన్నారు. పట్నం నుంచి ఒక హోటలువాళ్ళు వచ్చి, గోడకి బిగించి కింద దీపాలు పెట్టుకుంటామని అడిగి వెళ్ళారు. ఆ సంగతి తెలిసి భాస్కరం కొట్టు మూయకుండానే పరిగెత్తాడు.

"చూడు భాస్కరం, ఆయన వెనక కూర్చుని నేను దీని మీద తిరగని ఊరు లేదు. దీన్ని మేకుకి తగిలించారంటే నాకు ప్రాణం ఒప్పదు. ఇప్పుడు దీన్ని మీ ఇంటికి తీసుకువెళ్ళు. నువ్వూ మీ ఆవిడా కలిసి దీని మీద రేపు పొద్దుగూకే లోపల మా వాకిట్లోకి రండి. బండి నీది. రాలేదనుకో, ఎల్లుండి వాళ్ళ లారీ వస్తుంది" అన్నారావిడ.

భాస్కరం ఇంటికి వచ్చి భార్యతో చెప్పాడు. శేషారత్నం పప్పు మెదుపుతూ అంతా విన్నది.

"ఎక్కడానికి నాకేం అభ్యంతరం లేదండీ. కాని బాట ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించనిదే ఎక్కను. మా పుట్టింట్లో సైకిలు కొన్నా అక్కడ కాయ కొట్టించాకే తొక్కేవారు."

భాస్కరం కూడా భక్తి గలవాడే. పొద్దున్నే విభూతి పెట్టుకోకుండా కొట్టు తాళం తీయడు. "అదెంతసేపు" అన్నాడు.

ఒకప్పుడైతే నిజంగానే ఎంతోసేపు పట్టేది కాదు. ఊరి బయట రోడ్డు మలుపులో స్వామి గుడి. లారీవాడు లారీ ఆపుతాడు, పూజారి ఆచార్యులుగారు వచ్చి సిందూరం బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చి, కాయ కొడతారు. లారీ ఇంజను ఆపక్కర్లేకుండానే పని అయిపోయేది.

ఈమధ్య ఆ గుడికి చిదానందంగారని కొత్త కార్యనిర్వహణాధికారి వచ్చారు. ఆయన వచ్చిన కొత్తలోనే తనిఖీకి వచ్చిన ఒక అధికారి, "వాహన పూజ అంటున్నారు, పూజ ఎవరికి? యజమానికైతే బొట్టు బండికెందుకు పెట్టారు? బండికైతే గోత్రం యజమానిది ఎందుకు చదివారు?" అని అడిగి వెళ్ళాడు. వేరే ఎవరైనా నవ్వేసి ఊరుకుందురు. చిదానందంగారు నిద్ర మానేసి ఆలోచించారు. ఆలోచించి ఒక ఉత్తర్వు తీశారు. దాని మొదటి వాక్యం గుడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: 'వాహనమూ భక్తుడే.'

మర్నాడు పొద్దున్న భాస్కరం బండి నడుపుకుంటూ, శేషారత్నం వెనకాల ఆటోలో, గుడికి చేరారు. టిక్కెట్ల కిటికీ దగ్గర గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు.

"భక్తుడి పేరు?"

"తాటవర్తి భాస్కరం."

"మీది కాదండి. భక్తుడిది" అని గుమాస్తా కిటికీలోంచి బండి వైపు చూపించాడు. "పేరు, గోత్రం, నక్షత్రం."

"బండికి గోత్రం ఏముంటుంది నాయనా? గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెబుతారు కదా, అది వేసెయ్యి."

"అది మనుషులకండి. వాహనాలకి కంపెనీయే గోత్రం. ఒక కంపెనీ బళ్ళన్నీ సగోత్రీకులు. నక్షత్రం చెప్పండి."

"ఎప్పుడు పుట్టిందో ఎవరికి తెలుసు?"

"పుట్టిన వేళ తెలియకపోతే మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం కట్టాలండి. దాన్ని ఒకసారి మాట్లాడించండి."

భాస్కరం వెళ్ళి బండిని తన్నాడు. మూడో తన్నుకి అది దగ్గి, గొంతు సవరించుకుని, మాట్లాడింది. గుడి గంట దానంతట అదే చిన్నగా కదిలింది. గుమాస్తా చెవి ఒగ్గి విన్నాడు.

"డు. డుగు డుగు అంటోంది. ఆశ్లేష."

లోపల్నుంచి ఆచార్యులుగారు గబగబా వచ్చారు. "ఆశ్లేషా? కాదు బాబూ, సరిగ్గా విను. డగ డగ అంటోంది. డ అంటే పుష్యమి. ఆశ్లేష అని రాశావంటే శాంతి చేయించాలి, నా నడుం విరుగుతుంది."

ఇద్దరూ బండికి చెరో పక్కా నిలబడి తలలు వంచి విన్నారు. అక్కడ పూలు అమ్ముకునే నూకరత్నాన్ని కూడా పిలిచి అడిగారు. ఆమె, "నాకైతే 'అన్నం, అన్నం' అన్నట్టుందండి" అంది. చివరికి ఇంజను వేడెక్కితే డ, చల్లగా ఉంటే డు అని తేలింది. వేడి మీదున్నప్పుడే పుష్యమి అని రాయించేశారు ఆచార్యులుగారు.

గుమాస్తా బండి కాగితాల్లో ఉన్న సంవత్సరం చూసి, కంప్యూటరులో వివరాలు నొక్కాడు. కంప్యూటరు కాసేపు ఆలోచించి ఎర్రగా అయింది.

"సారీ అండి. ఈ భక్తుడి వయసు ఎనభై దాటింది. ఇంతవరకూ ఒక్క సంస్కారమూ జరగలేదు. బకాయిలు తీరితే గాని పూజ టిక్కెట్టు రాదు. ఈవోగార్ని కలవండి."

చిదానందంగారు గదిలో ఆంజనేయస్వామి పటానికి దండం పెట్టుకుంటున్నారు. మంచి మనిషి. నుదుట సిందూరం, ముఖంలో చిరునవ్వు. భాస్కరం చెప్పింది శ్రద్ధగా విని కుర్చీ చూపించారు.

"మీ ఆవేదన అర్థమైంది. అయితే సదరు వాహన భక్తుడు విదేశంలో జన్మించి, సంస్కార రహితంగా వార్ధక్యానికి చేరుకున్నారు. ఇందులో మీ తప్పు లేదు, వారి తప్పూ లేదు. కాని తప్పు లేనంత మాత్రాన బకాయి లేకుండా పోదు. దేవస్థానం తరఫున ఒక్కరోజులోనే అన్నీ క్రమబద్ధం చేయిస్తాం."

"అయ్యా, తెలియక అడుగుతాను" అన్నాడు భాస్కరం నెమ్మదిగా. "స్వామికి ఇవన్నీ కావాలంటారా?"

"స్వామికి అక్కర్లేదండి. స్వామి దయామయుడు. సిస్టమ్‌కి కావాలి."

భాస్కరం బయటికి వచ్చి భార్యతో సంగతి చెప్పాడు. శేషారత్నం మంటపం గట్టు మీద చతికిలబడి, "పోనీలెండి, పూజ కోసమే కదా. సాయంత్రం లోపల అవుతుందిలెండి" అంది.

ముందు విదేశీ భక్తులు ఇవ్వవలసిన విశ్వాస పత్రం. స్వామి మీద తనకు నమ్మకం ఉన్నట్టు భక్తుడే సంతకం పెట్టాలి. భక్తుడు నిరక్షరాస్యుడు కనుక వేలిముద్ర చాలునన్నారు. ముందు చక్రానికి సిరా పూసి కాగితం మీద ఎక్కించి దించారు. కాగితం రెండుగా చిరిగింది గాని, నమ్మకం స్పష్టంగా పడింది.

తరవాత నామకరణం. బియ్యంలో పేరు రాయాలి. భాస్కరం తడుముకోకుండా 'మారుతి' అన్నాడు. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. "ఆ పేరుతో ఇప్పటికే చాలా కార్లున్నాయండి, సగోత్రం గొడవ వస్తుంది." చివరికి 'అంజి' అని ఖాయం చేశారు.

అన్నప్రాశనకి ఆచార్యులుగారు శేషారత్నం చేతి ఉంగరం అడిగి తీసుకుని, పెట్రోల్లో ముంచి, ట్యాంకు మూతి దగ్గర మూడుసార్లు తాకించారు. ఉంగరం ఆ తరవాత ఎన్ని రోజులు కడిగినా వాసన పోలేదు, అది వేరే సంగతి. పుట్టువెంట్రుకలు తీయాలన్నప్పుడు మాత్రం భాస్కరం గుండె కలుక్కుమంది. కల్యాణకట్ట మంగలి వచ్చి బండిని చుట్టూ తిరిగి చూసి, తోలు సంచులకి వేలాడే కుచ్చులు పట్టుకున్నాడు.

"ఇవేనండి జుట్టు."

"బాబ్బాబూ, మూడు కత్తెర్లు ఇచ్చి వదిలెయ్యి. గుండు చెయ్యకు."

"పెద్దాయన కదండీ, నేనే చూసుకుంటాను" అని మంగలి పెద్ద మనసుతో మూడు పోగులే కత్తిరించాడు.

చెవులు కుట్టడం దగ్గర అద్దాల రాడ్లకి ఇదివరకే మరలు ఉన్నాయని మినహాయింపు దొరికింది. అక్షరాభ్యాసం నంబరు ప్లేటుతో సరిపెట్టారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి బాల్యం అంతా పూర్తయింది. శేషారత్నం ఇంటి నుంచి తెచ్చిన పులిహోర అందరికీ పెట్టింది. చిదానందంగారు కూడా ఆకు పట్టుకుని గట్టు మీదే కూర్చుని తిన్నారు. "ఎంత బావుందమ్మా! బకాయిలు తీరుతుంటే మనసుకి ఎంత తేలిగ్గా ఉంటుందో చూడండి" అన్నారు. భాస్కరం పడమటి వైపు చూసి, ఇంకా ఎండ ఉంది కదా అనుకున్నాడు.

గుమాస్తా పరుగున వచ్చాడు. "సార్, కంప్యూటరు మళ్ళీ ఎర్రగా అయింది. షష్టిపూర్తి, భీమరథశాంతి, సహస్ర చంద్ర దర్శనం, మూడూ పెండింగు చూపిస్తోంది."

"చేసేయండి. బిందెలు నా కొట్లోవి తెప్పిస్తాను" అన్నాడు భాస్కరం.

చిదానందంగారు ఆకు మడిచి లేచారు. "అక్కడే చిక్కుంది. షష్టిపూర్తి అంటే భార్యతో పీటల మీద కూర్చోవాలి. వీరికి కళత్రం లేరు. కావున ముందు వివాహం జరగాలి."

"బండికి పెళ్ళా!" అన్నాడు భాస్కరం.

"బండికి అనకండి. భక్తుడికి. వేరే గోత్రం వాహనం కావాలి. ఇవాళ పరిసరాల్లో ఏమున్నాయి?"

అందరూ చుట్టూ చూశారు. రోడ్డు మీద ఆపిన లారీలు రెండున్నాయి గాని, వాటి మీద గెడ్డాలవాళ్ళ బొమ్మలుండటం వల్ల మగవాటి కింద లెక్కేసి పరిగణించలేదు. శేషారత్నం వచ్చిన ఆటో ఎవరిదో మేకని ఎక్కించుకుని ఎప్పుడో వెళ్ళిపోయింది. మిగిలింది నూకరత్నం పూలబుట్ట వేసుకుని రోజూ వచ్చే చిన్న మోపెడ్. గులాబి రంగు. హ్యాండిలుకి మల్లెపూల దండ వేలాడుతోంది.

"ఇది కన్యేనా?" అని అడిగారు చిదానందంగారు.

నూకరత్నం పూలు కట్టడం ఆపి, కొంగు నడుముకి దోపి లేచింది. "అంటే ఏంటండీ తవరి ఉద్దేశం?"

"అంటే, ఇదివరకు వివాహ సంస్కారం ఏమైనా..."

"షోరూంలోంచి తిన్నగా నా దగ్గరికే వచ్చిందండి. పరాయి చెయ్యి తగల్లేదు."

"శుభం. అయితే పిల్లనివ్వడానికి మీకు సమ్మతమేనా?"

నూకరత్నం అమెరికా బండి చుట్టూ ఒకసారి నడిచింది. మోకాలితో చక్రాన్ని తట్టింది. కిందికి వంగి, నేల మీద పడిన నల్లటి నూనె మరక చూసింది. మూతి తిప్పింది.

"ఆయ్, ఇవ్వనండి. మా పిల్లకి నిండా మూడేళ్ళు లేవు. ఈయనగారికి ఎనభై దాటాయంటున్నారు. అదీగాక ఆయనకి ఒంట్లోంచి కారుతోంది. పెళ్ళయిన మర్నాడే కదలకుండా కూర్చుంటే మా పిల్ల బతుకేం కావాలండి? సచ్చినా ఇవ్వను."

"కారటం పెద్ద సమస్య కాదమ్మా" అన్నాడు భాస్కరం. తన బండిని పది మందిలో అలా అనేసరికి అతనికి నిజంగానే కష్టం తోచింది. "గాస్కెట్టు మారిస్తే పోతుంది. ఎంత దర్జా బండి! మోత విన్నావు కదా."

"మోత ఇన్నానండి. అందుకే ఇవ్వనంటున్నా. మాది నోట్లో మాట లేని పిల్ల. ఈయన పొద్దస్తమానం అలా అరుత్తుంటే గుండాగిపోద్ది."

చిదానందంగారు నచ్చజెప్పబోయారు. దేవస్థానం మేళతాళాలు ఉచితమన్నారు. నూకరత్నం వినలేదు. "తవరికి అంత జాలేస్తే తవరి కారు ఇచ్చి చేయించండి" అంది.

ఆ మాటకి చిదానందంగారు ఒక్క క్షణం తమ కారు వైపు చూసి, అది దేవస్థానం కారు కనుక స్వామికి కూతురు వరస అవుతుందని, పై అధికారుల అనుమతి లేనిదే కన్యాదానం కుదరదని సెలవిచ్చారు.

ఎండ మెల్లగా పసుపు రంగులోకి తిరుగుతోంది. భాస్కరం బండి పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. చల్లబడిన ట్యాంకు మీద చెయ్యి వేశాడు. కామాక్షమ్మగారి వాకిలి, రేపు వచ్చే లారీ, హోటలు గోడ అతని కళ్ళ ముందు తిరిగాయి. శేషారత్నం అతని ముఖం చూసింది.

చిదానందంగారు గదిలో ఉత్తర్వులు తిరగేసి తిరగేసి, ఒక్కసారిగా వెలిగిపోతూ బయటికి వచ్చారు.

"దొరికింది! వివాహం కానివారికి షష్టిపూర్తి వర్తించదు. వారు నైష్ఠిక బ్రహ్మచారి కోవలోకి వస్తారు. మన స్వామిలాగే! ఇక ఏ బకాయీ లేదు."

గుమాస్తా 'బ్రహ్మచారి' అని నొక్కాడు. కంప్యూటరు పచ్చగా అయింది. టిక్కెట్టు చిన్న మోతతో బయటికి వచ్చింది.

ఆచార్యులుగారు అప్పటికే సిందూరం కలిపి ఉంచుకున్నారు. ట్యాంకుకి బొట్టు పెట్టి, హ్యాండిలుకి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి తిప్పి, కాయ కొట్టారు. కాయ సరిగ్గా రెండు చిప్పలయింది. పొద్దుటి నుంచీ జరిగినవన్నీ ఒక ఎత్తు, ఆ కాస్త సేపూ ఒక ఎత్తు. శేషారత్నం కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. తెరిచి, చీరె కుచ్చెళ్ళు సవరించుకుని, బండి వైపు అడుగు వేసింది.

"ఆగండమ్మా!" అన్నారు చిదానందంగారు.

ఆవిడ ఆగింది.

"క్షమించాలి. వారు ఇప్పుడు అధికారికంగా బ్రహ్మచారి. స్త్రీలు అధిరోహించరాదు. భాస్కరంగారు నిరభ్యంతరంగా తీసుకువెళ్ళవచ్చు. తమరు ఆటోలో రావాలి."

  నూకరత్నం, "ఓలమ్మో, నేను పిల్లనివ్వకపోతే ఇంత పనయిందా" అని బుగ్గ నొక్కుకుంది.

శేషారత్నం వెనక్కి తగ్గలేదు. పెద్ద గొంతు కూడా చేయలేదు. ఇంట్లో పిల్లాడికి లెక్క చెప్పినట్టు అడిగింది.

"అయ్యా, లోపలున్న స్వామి బ్రహ్మచారే కదండీ?"

"నిస్సందేహంగా."

"మరి అశోకవనంలో అమ్మవారు అంత దుఃఖంలో ఉంటే ఏమన్నాడండీ? 'తల్లీ, నా వీపు మీద కూర్చో, అయ్యవారి దగ్గర దింపేస్తాను' అనలేదూ?"

చిదానందంగారు ఆచార్యులుగారి వైపు చూశారు. ఆచార్యులుగారు హారతి పళ్ళెం గుండెలకి ఆనించుకుని, "అన్నాడు బాబూ. నిక్షేపంగా అన్నాడు" అన్నారు.

చిదానందంగారు తల పంకించారు. "అన్నారు. కాని అమ్మవారు అధిరోహించలేదు. ఆ విషయం కూడా అంతే స్పష్టంగా ఉంది."

"ఎందుకు ఎక్కలేదండీ? ఆయన బ్రహ్మచారి అనా? కాదే! తన భర్తే వచ్చి తీసుకువెళ్ళాలని. మా ఆయన వచ్చారు కదండీ. పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నారు, పాపం, అటూ ఇటూ తిరుగుతూ."

 చిదానందంగారి కళ్ళు చెమర్చాయి. చెప్పాను కదా, మంచి మనిషి. గర్భగుడి వైపు తిరిగి చేతులు జోడించారు. "ఎంత మాటన్నావు తల్లీ! ఇన్నాళ్ళూ ఈ గుళ్ళో పని చేస్తూ నాకు తట్టనేలేదు. అధిరోహించండి, అధిరోహించండి."

భాస్కరం అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. ఒక్క తన్నుకే ఇంజను అందుకుంది. డు అన్నదో డ అన్నదో ఎవరూ పట్టించుకోలేదు. శేషారత్నం ఒక చేత్తో కొబ్బరి చిప్పలు పట్టుకుని, ఒక పక్కకి తిరిగి, పీట మీద కూర్చున్నట్టు నిదానంగా కూర్చుంది.

వెనక చిదానందంగారి గొంతు వినపడుతూనే ఉంది. "గుమాస్తా! రాసుకో. అయ్యవారు ముందు, అమ్మవారు వెనక, స్వామి వాహనం. అంటే ఇద్దరూ ఉత్సవమూర్తుల కింద లెక్క. మేళం ఏదీ? గొడుగు తీసుకురండి! ఉత్సవమూర్తులు మేళం లేకుండా పొలిమేర దాటకూడదు."

ఎవరో డోలు వాయించేవాడి కోసం పరిగెత్తారు. ఇంకెవరో గొడుగు విప్పుతున్నారు. శేషారత్నం భర్త వీపు మీద తట్టింది.

"ఏవండీ, పోనివ్వండి."

"నిమ్మకాయల మీంచి నెమ్మదిగా..."

"నెమ్మదీ లేదు, ఏమీ లేదు. ఇంకాసేపుంటే మనిద్దర్నీ లోపల కూర్చోబెట్టి, హారతిచ్చి, తలుపులు వేసేస్తారు. పోనివ్వండి!"

నిమ్మకాయలు చిట్లాయి. బండి మలుపు తిరిగింది. డాక్టరుగారి వీధికి పోయే రోడ్డు, ఇరుపక్కలా కొబ్బరితోటల మధ్య నున్నగా, తిన్నగా ఉంది. పొద్దు ఇంకా కూకలేదు. గతుకు ఒక్కటి కూడా తగల్లేదు గాని, పడతానేమో అన్నట్టు భుజం మీద వేసిన చెయ్యి శేషారత్నం దారి పొడుగునా తియ్యనేలేదు.